నర్సుల ‘ఓవర్’ కంప్యూటర్‌లోకి: తెర మీద ఏముండాలి, ఏం తీసేయాలి?

తుంగభద్ర_కోడర్
కర్నూల్లో 120 పడకల ప్రైవేటు ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. బిల్లింగు, ల్యాబు, ఫార్మసీ, మందుల చార్టు నడుస్తున్నాయి. ఇప్పుడు యాజమాన్యం ‘ఓవర్ బుక్కు తీసేయండి, డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు ఇచ్చే ఓవర్ (పేషెంట్ల సంగతి వచ్చే సిస్టర్‌కి అప్పజెప్పడం) మొత్తం సిస్టంలోనే ఉండాలి’ అంటోంది. క్వాలిటీ విభాగం నుంచి వచ్చిన ఫారంలో ఒక్కో పేషెంటుకి 38 గడులు, అన్నీ తప్పనిసరి. షిఫ్టులు 8–2, 2–8, రాత్రి 8–8. జనరల్ వార్డులో రాత్రి ఇద్దరు సిస్టర్లు, 30 మంది పేషెంట్లు. 38ని 30తో గుణిస్తే ఎంతో నాకు తెలుసు, లెక్క చెప్పొద్దు. ఏవి ఉంచాలి, ఏవి పీకాలి, తెర ఎట్లుండాలి? వార్డు తెలిసినోళ్లు చెప్పండి.

కడప_నైట్‌డ్యూటీ
ముందు ఆ తప్పనిసరి అనే ఎర్ర చుక్కలు తీసెయ్ అన్నా. 38 గడులూ నింపాల్సిందే అంటే 38 గడుల్లోనూ ‘నార్మల్’ అని పడతాది. ఇప్పుడు పుస్తకంలో ‘జీసీ ఫెయిర్, వైటల్స్ స్టేబుల్’ (మనిషి పర్వాలేదు, నాడి, బీపీ, జ్వరం బాగుండాయి) అని ముప్పై సార్లు రాస్తాండేది కంప్యూటర్‌లో రాస్తారు, అంతే.

వచ్చే సిస్టర్‌కి కావాల్సింది నాలుగు. ఎవరు బాగలేరు. ఏం నడుస్తాంది (సెలైన్, పంపు, రక్తం, ఆక్సిజన్). ఏం పని మిగిలింది. ఏమైతే ఎవర్ని పిలవాల. తక్కినదంతా కేస్ షీట్‌లో ఉంది. కేస్ షీట్‌లో ఉండేదాన్ని మల్ల టైపు చేయమంటే ఎవరూ చేయరు.

ఉగ్గాని_బజ్జి
1140. మన్నించండి, చేయి ఆగలేదు.

క్వాలిటీ_మేడమ్
38 గడులు ఊరికే రాలేదండీ. ఓవర్ ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఒకే పద్ధతిలో జరిగిందా అన్నది ఆడిట్‌లో చూపాలి. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తొమ్మిది పేషెంట్ భద్రతా పరిష్కారాల్లో ఓవర్ ఒకటి. ఎలర్జీ, పడిపోయే ప్రమాదం, పడక పుండ్లు ఫారంలో లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు అడిగేది మమ్మల్నే.

తుంగభద్ర_కోడర్
మేడమ్, ఆ 38లో 24 ఇప్పటికే సిస్టంలో ఉన్నాయి. పేరు, ఐపీ నంబరు, బెడ్, కన్సల్టెంటు, డయాగ్నోసిస్, ఎలర్జీ, చివరి వైటల్స్, ఇంటేక్-అవుట్‌పుట్, రావాల్సిన ల్యాబు రిపోర్టులు, కాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) వేసిన తేదీ వగైరా. అవి తెర తనంతట తెచ్చుకుంటుంది, సిస్టర్ ముట్టుకోనక్కర్లేదు. ఆడిట్‌కి అవీ కనిపిస్తాయి. గొడవంతా మిగిలిన 14 గురించే.

క్వాలిటీ_మేడమ్
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. కానీ తెచ్చుకున్న ప్రతి విలువ పక్కన అది ఎప్పటిదో కనపడాలి. ఉదయం 6 గంటల బీపీని మధ్యాహ్నం 2 గంటల ఓవర్‌లో చూపిస్తూ టైము చూపకపోతే అసలు చూపకపోవడమే నయం.

డ్యూటీ_డాక్టర్_అనంత
దానికి తోడు: న్యూస్2 స్కోరు (పేషెంటు పరిస్థితి దిగజారుతోందేమో పట్టించే అంకె) లెక్కేయించే ఉద్దేశం ఉంటే ఒక జాగ్రత్త. అందులో ఏడు కొలతలు: శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, సిస్టాలిక్ బీపీ, నాడి, స్పృహ, జ్వరం. ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా స్కోరు వేయకూడదు, ‘అసంపూర్ణం’ అని రావాలి. చాలా ప్రోగ్రాముల్లో ఖాళీ గడిని సున్నాగా కలిపేస్తారు. అప్పుడు ఏమీ చూడని పేషెంటే వార్డులో అందరికంటే ఆరోగ్యవంతుడు అవుతాడు. 5–6 వస్తే డాక్టరు త్వరగా చూడాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అత్యవసరం, ఏదైనా ఒక్క కొలతకే 3 పడ్డా చెప్పాలి. 16 ఏళ్ల లోపు పిల్లలకీ గర్భిణులకీ ఈ స్కోరు వాడకూడదు. ఆ వార్డుల్లో ఆ గడే కనపడనివ్వకండి.

ఉగ్గాని_బజ్జి
శ్వాస రేటు ఎప్పుడూ 20 కదా డాక్టరు గారూ. టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్టులో ఊరంతా 20నే పీలుస్తుంది.

డ్యూటీ_డాక్టర్_అనంత
నవ్వుకోండి గానీ అందుకే ఆ గడికి ముందే నింపిన విలువ ఉండకూడదు. పక్కనే 30 సెకన్ల గడియారం బొత్తం పెట్టండి. నొక్కి, లెక్కపెట్టి, అంకె వేస్తే రెట్టింపు చేసి రాసుకుంటుంది. శ్వాస సమంగా లేనివాళ్లకి మాత్రం పూర్తి నిమిషం లెక్కించాలి.

నర్సింగ్_ట్యూటర్
చట్రం సంగతి, అంటే ఏ వరసలో చెప్పాలన్న పద్ధతి. ఎస్‌బార్‌నీ ఐ-పాస్‌నీ చాలామంది ఒకే గంపలో వేస్తారు. ఎస్‌బార్ అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల నుంచి వచ్చింది, కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వాళ్లు వైద్యానికి తెచ్చారు. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన. ఒక్క పేషెంటు గురించి డాక్టరుకి ఫోన్ చేయడానికి అది చక్కగా సరిపోతుంది. ముప్పై మందికి వరసగా చదివితే నేపథ్యం దగ్గరే సమయమంతా పోతుంది.

ఐ-పాస్ వరస వేరు: జబ్బు తీవ్రత, క్లుప్తంగా పేషెంటు సంగతి, చేయాల్సిన పనులు, ‘ఇలా అయితే ఇలా చెయ్యి’, చివర తీసుకున్నవాళ్లు తిరిగి చెప్పడం. 2014లో వచ్చిన అధ్యయనంలో 9 ఆసుపత్రుల్లో వైద్య పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. ఓవర్‌కి దీన్నే పునాది చేసుకోండి.

డ్యూటీ_డాక్టర్_అనంత
అది పిల్లల విభాగాల రెసిడెంట్ డాక్టర్ల మీద జరిగింది, నర్సుల మీద కాదు. పైగా శిక్షణ, పక్కన నిలబడి గమనించి చెప్పడం, రాతపూర్వక ఫారం అన్నీ కలిపి ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన వచ్చిన 23 శాతం కాదు. కోడర్ గారూ, ఆ అంకెని యాజమాన్యం ముందు పెట్టకండి, రేపు మీ మెడకే చుట్టుకుంటుంది.

నర్సింగ్_ట్యూటర్
ఒప్పుకుంటాను. నేను తీసుకోమంటున్నది వరస మాత్రమే. ముఖ్యంగా తీవ్రత ముందు రావాలన్నది. సీరియస్ పేషెంటు 27వ బెడ్‌లో ఉంటే, బెడ్ నంబరు ప్రకారం చెప్పుకుంటూ పోతే ఆయన దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ గడియారం చూస్తుంటారు. కాబట్టి తెర బెడ్ వరసలో కాకుండా తీవ్రత వరసలో ఉండాలి.

కడప_నైట్‌డ్యూటీ
ఈడ నేను ఒప్పుకోను మేడమ్. ఓవర్ అంటే కూర్చుని చదివేది కాదు, నడుస్తా ఇచ్చేది. 1 నుంచి 30 దాకా పోతాం. తెర 27, 4, 19 అని చూపిస్తాంటే ముందుకూ వెనక్కూ తిప్పుకోలేక మూసేస్తారు. నడిచేటప్పుడు బెడ్ వరస లేకుంటే ఒక బెడ్ తప్పిపోతాది కూడా.

ఓపీ_చీటీ
రెండూ పెట్టొచ్చు కదా, ఒక బొత్తంతో మార్చుకునేట్టు.

తుంగభద్ర_కోడర్
బొత్తం పెడితే మొదటిరోజు ఎటు ఉందో ఎప్పటికీ అటే ఉంటుంది, మార్చేవాళ్లు ఉండరు. ఇట్ల అయితే? ఓవర్ మొదలుపెట్టగానే ఎరుపు గుర్తున్న పేషెంట్లు మాత్రమే ఒక తెరలో. డెస్క్ దగ్గరే ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటారు, రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత ‘రౌండు’ నొక్కితే బెడ్ వరస. ఎరుపు వాళ్లు బెడ్ వరసలోనూ ఎరుపుగానే కనపడతారు.

కడప_నైట్‌డ్యూటీ
అది సరే. అయితే ఎరుపు ఎవరు పెడతారు? స్కోరు మాత్రమే పెడితే కుదరదు. ఆపరేషనై మూడో రోజు, స్కోరు 1, కానీ పొద్దున్నుంచి మనిషి నలతగా ఉండాడు, తిండి వద్దంటాండాడు. దాన్ని ఏ స్కోరూ పట్టదు. సిస్టర్ చేత్తో ఎరుపు పెట్టే వీలుండాల. స్కోరు పెట్టిన ఎరుపును చేత్తో తీసేసే వీలు ఉండకూడదు.

నర్సింగ్_ట్యూటర్
చివరి వాక్యం బాగుంది. తీయాలంటే డాక్టరు చూశారని నమోదై ఉండాలి.

తుంగభద్ర_కోడర్
రాసుకున్నా. ఇక ‘మిగిలిన పనులు’. ఇప్పటికైతే ఒక పెద్ద ఖాళీ డబ్బా ఉంది, ఏమైనా రాయొచ్చు. చాలదా?

కడప_నైట్‌డ్యూటీ
చాలదు. అన్నిటికంటే ఎక్కువ జారిపోయేది ఈ డబ్బాలోనే. ఒక్కో పనికి ఒక వరస: ఏం పని, ఎన్ని గంటలకి, చేసినారా లేదా. ముగిసేదాకా షిఫ్టు నుంచి షిఫ్టుకి అదే ముందుకు పోవాల.

ప్రసూతి వార్డు తీసుకోండి. గుర్రపువాతంతో (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే మూర్ఛలు) వచ్చిన ఆమెకి ప్రిచార్డ్ పద్ధతిలో మెగ్నీషియం సల్ఫేట్. మొదట 4 గ్రాములు నరానికి నెమ్మదిగా, ఒక్కో పిరుదుకి 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు కండకి. ఆ తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. ప్రతి డోసుకి ముందు మూడు చూడాల: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస 16కి తగ్గలేదా, పోయిన 4 గంటల్లో మూత్రం 100 మి.లీ. వచ్చిందా. ఏది లేకున్నా డోసు ఆపి డాక్టరుకి చెప్పాల. కాన్పు అయినాక, లేదా ఆఖరి మూర్ఛ తర్వాత (ఏది వెనకైతే అది) 24 గంటలు నడపాల. అంటే ఇది రెండు మూడు చేతులు మారాల్సిందే. ‘మెగ్‌సల్ఫ్ నడుస్తాంది’ అని ఒక ముక్క రాస్తే వచ్చినామెకి ఏమీ తెల్వదు. ఎన్నో డోసు, పోయినసారి ఏ పక్క, తర్వాతిది ఎన్ని గంటలకి, యూరిన్ బ్యాగు ఎప్పుడు ఖాళీ చేసినారు. ఈ నాలుగూ కావాల.

డ్యూటీ_డాక్టర్_అనంత
యూరిన్ బ్యాగు సంగతి పైపైన చదివి వదిలేయకండి. షిఫ్టు మారేటప్పుడు బ్యాగు ఖాళీ చేసి ఎంతో రాయకపోతే తర్వాతి సిస్టర్‌కి ‘4 గంటల్లో 100’ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు. తెరలో ‘బ్యాగు ఖాళీ చేసిన సమయం, మి.లీ.’ అని పని వరసలోనే రావాలి, ఇంటేక్-అవుట్‌పుట్ పేజీలో ఎక్కడో కాదు. అలాగే ఈ పేషెంటు తెర తెరిస్తే ‘కాల్షియం గ్లూకోనేట్ (మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడు) బెడ్ దగ్గర ఉందా’ అన్న ఒక్క ప్రశ్న.

బయోమెడ్_అనంత
మన జిల్లాల కేసులు ఇంకా రెండుండాయి, వాటికి ముందే తయారు చేసిన పనుల మూస పెట్టుకో అన్నా. పాముకాటు, పురుగుమందు. వేరుశనగ చేలు, పత్తి చేలు ఉండేకాడ ఈ రెండూ రాకుండా ఉండవు.

డ్యూటీ_డాక్టర్_అనంత
పాముకాటు మూస: ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎన్ని వయల్స్ వేశారు, ఎప్పుడు ముగిసింది, 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఎప్పుడు ఎలా వచ్చింది, మళ్లీ ఎప్పుడు చేయాలి. ఏఎస్‌వీ ఇచ్చాక 6 గంటలకి మళ్లీ పరీక్ష. మధ్యాహ్నం 2కి ముగిస్తే రాత్రి 8కి పడుతుంది, సరిగ్గా ఓవర్ సమయానికి. వెళ్లే సిస్టర్ వచ్చేవాళ్లు చేస్తారనుకుంటుంది, వచ్చిన సిస్టర్ చేసేసి ఉంటారనుకుంటుంది. కాబట్టి 7:30 నుంచి 8:30 మధ్య పడే ప్రతి పనికీ తెర ‘ఎవరు?’ అని అడిగి ఒక పేరు తీసుకోవాలి. పరీక్షకి 2 మి.లీ. రక్తం, కొత్త, పొడి, శుభ్రమైన గాజు గొట్టం. కదపకుండా 20 నిమిషాలు. ప్లాస్టిక్‌లో తీసినా, సబ్బుపొడితో కడిగిన గొట్టంలో తీసినా ఫలితం నమ్మలేం. ఆ వాక్యం పని కిందే చిన్న అక్షరాల్లో పెట్టండి, ఇంకోచోట పెడితే ఎవరూ చదవరు.

పురుగుమందు మూస (ఆర్గానోఫాస్ఫేట్): అట్రోపిన్ (విరుగుడు మందు) గంటకి ఎంత నడుస్తోంది, ఊపిరితిత్తుల్లో గరగర ఉందా, నాడి, బీపీ, చంకలు పొడిగా ఉన్నాయా, కంటిపాపలు. ఇంకొకటి, ఎప్పుడూ జారిపోయేది: దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నారా. మొదటి రోజు గండం గడిచి అందరూ ఊపిరి పీల్చుకున్నాక, 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలు, ఆ తర్వాత శ్వాస కండరాలు బలహీనపడే అవకాశం ఉంది. ప్రతి ఓవర్‌లో ఇద్దరు సిస్టర్లూ కలిసి తల ఎత్తించి చూసి, అవును/కాదు వేయాలి.

క్వాలిటీ_మేడమ్
ఈ రకం గడులైతే తప్పనిసరి చేసినా ఎవరూ గొణగరు. ఆ రోగానికే వస్తాయి, అందరికీ రావు.

కడప_నైట్‌డ్యూటీ
ఒప్పుకున్నా మేడమ్. 38లో 30 ఇట్ల దాచిపెట్టొచ్చు.

బయోమెడ్_అనంత
సిరింజ్ పంపుల ముచ్చట. ‘నోరాడ్ 5 మి.లీ.’ (నోరాడ్రినలిన్, పడిపోయే బీపీని నిలబెట్టే మందు) అని ఓవర్ ఇస్తారు. ఎంత కలిపినారో చెప్పరు. 50 మి.లీ.లో 4 మి.గ్రా. కలిపితే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. గంటకి 5 మి.లీ. అంటే 60 కిలోల మనిషికి నిమిషానికి కిలోకి దగ్గరదగ్గర 0.11 మైక్రోగ్రాములు. అదే 8 మి.గ్రా. కలిపిన సిరింజ్ అయితే అదే 5 మి.లీ.కి 0.22. ఐసీయూలో డబుల్ స్ట్రెంగ్త్ కలుపుతారు, వార్డుకి మార్చినాక సింగిల్ కలుపుతారు, పంపు మీద అంకె మాత్రం మారదు. కాబట్టి తెరలో మి.లీ. ఒక్కటే రాసే గడి వద్దు. మందు, ఎన్ని మి.గ్రా., ఎన్ని మి.లీ.లో, గంటకి ఎంత. నాలుగూ పెడితే మైక్రోగ్రాముల లెక్క అదే చేసుకుంటాది.

ఇంకోటి: సిరింజ్ ఎప్పుడు అయిపోతాదో చూపించాల. 50 మి.లీ., గంటకి 5. రాత్రి 10:30కి పెడితే పొద్దున 8:30కి ఖాళీ. ఓవర్ జరిగేటప్పుడు పంపు కూత పెడతాది, ఇద్దరూ ఇంకో బెడ్ దగ్గర ఉంటారు, కొత్త సిరింజ్ కలిపేలోపు బీపీ పడిపోతాది. 7:30–8:30 మధ్య ముగిసేవాటిని 7 గంటలకే చూపిస్తే పోయే సిస్టర్ కొత్తది కలిపి లేబుల్ వేసి పక్కన పెట్టి పోతాది.

తుంగభద్ర_కోడర్
ఇది చాలా పనికొచ్చే మాట. పంపుల్ని నెట్‌వర్క్‌కి కలిపి రీడింగ్ నేరుగా తెచ్చుకుంటే ఇంకా మేలు కదా?

బయోమెడ్_అనంత
వద్దు, ఇప్పటికి వద్దు. ఒకే వార్డులో మూడు కంపెనీల పంపులుంటాయి, సగానికి డేటా పోర్టే ఉండదు. పంపులు బెడ్ల మధ్య తిరుగుతాంటాయి. 12వ బెడ్ పంపు 9కి పోయినాక సిస్టంలో మార్చకపోతే ఒకరి రీడింగ్ ఇంకొకరికి పడతాది. తీసుకునే సిస్టర్ పంపు మీద అంకె చూసి చేత్తో కొట్టేదే మేలు.

నర్సింగ్_ట్యూటర్
దాంతోనే ‘తీసుకున్నాను’ బొత్తం సమస్య కూడా తీరుతుంది. ‘చదివాను’ అని టిక్కు పెట్టమంటే 30 టిక్కులు 20 సెకన్లలో పడతాయి. దానికి బదులు, ప్రమాదకరమైనవి నడుస్తున్న పేషెంట్ల దగ్గర మాత్రం (పంపు మందులు, ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం, రక్తం) తీసుకునే సిస్టర్ బెడ్ దగ్గర కంటితో చూసిన అంకె వేయాలి. ఇచ్చిన సిస్టర్ అంకె ఆమెకి కనపడకూడదు. రెండూ కలవకపోతే తెర ఆగుతుంది. మిగతా అందరికీ కలిపి వార్డు మొత్తానికి ఒక్క సంతకం చాలు.

ఓపీ_చీటీ
అంటే పరీక్షలో పక్కవాడి పేపరు కనపడకుండా కూర్చోబెట్టినట్టు.

నర్సింగ్_ట్యూటర్
సరిగ్గా అదే.

డ్యూటీ_డాక్టర్_అనంత
నిన్నటి మాట ఇవాళ్టికి అతుక్కోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. ‘నిన్నటి ఓవర్ కాపీ చేయి’ అనే బొత్తం పెడితే, సోమవారం రాసిన ‘రేపు సీటీ స్కాన్’ శుక్రవారం దాకా ‘రేపే’. ‘రేపు’, ‘ఇవాళ’ లాంటివి స్వేచ్ఛగా రాసే గడిలో వస్తే తేదీ అడగండి.

తుంగభద్ర_కోడర్
కాపీ బొత్తం అసలు పెట్టను. స్వేచ్ఛగా రాసిన మాట ఒక షిఫ్టు దాటితే బూడిద రంగులోకి పోతుంది, ‘2 షిఫ్టుల కిందటిది’ అని పక్కన పడుతుంది. ‘ఇప్పటికీ నిజమే’ అని ఎవరైనా నొక్కితే వాళ్ల పేరుతో మళ్లీ నల్లగా వస్తుంది. మూడు షిఫ్టులు ఎవరూ నొక్కకపోతే ఓవర్ తెరలోంచి పోతుంది, రికార్డులో మాత్రం ఉంటుంది.

క్వాలిటీ_మేడమ్
రికార్డులో దేన్నీ చెరపకండి. తప్పు రాస్తే గీత కొట్టినట్టు కనపడుతూ పక్కన సరైనది, పేరు, సమయం. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మెడికో-లీగల్ కేసులైతే కేసు తేలేదాకా.

ఉగ్గాని_బజ్జి
ఇప్పుడు నడిచే అసలు సిస్టం ఏమిటో ఎవరూ చెప్పరేం? వాట్సాప్ గ్రూపు. కేస్ షీట్ ఫొటో, కింద ‘సిస్టర్ 14వ బెడ్ చూస్కోండి’, దాని కింద ఎవరిదో పుట్టినరోజు కేకు.

కడప_నైట్‌డ్యూటీ
నిజమే. కానీ ఎందుకు వాడ్తాండారో చూడాల కదా. ఇంటికి పోయినాక గుర్తొస్తాది, చెప్పేదానికి ఇంకో దారి లేదు. తెరలో ‘ఓవర్ తర్వాత గుర్తొచ్చింది’ అని ఒక దారి పెట్టు. వార్డు ల్యాండ్‌లైనుకి ఫోన్ చేసి చెప్తే, తీసుకున్నామె ఆ పేషెంటు కింద ‘ఫోన్‌లో చెప్పినారు’ అని రాసేట్టు. అది లేకుంటే వాట్సాప్‌ని ఎవరూ ఆపలేరు.

క్వాలిటీ_మేడమ్
ఫొటోలు సొంత ఫోన్లలో ఉండిపోతాయి, అది మాత్రం ఆపాల్సిందే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది. హెచ్‌ఐవీ విషయమైతే 2017 చట్టం ఇంకా గట్టిది. బెడ్ పక్కన ఓవర్ ఇచ్చేటప్పుడు చుట్టూ బంధువులుంటారు కాబట్టి, పైకి చదవకూడని వివరం తెర మీద కూడా నొక్కితేనే కనపడాలి. ప్రింటులో అసలు రాకూడదు.

తుంగభద్ర_కోడర్
ప్రింటా? పేపరు తీసేయడానికే కదా ఇదంతా?

కడప_నైట్‌డ్యూటీ
పేపరు పోదు అన్నా. ప్రతి సిస్టర్ జేబులో ఒక మడత కాగితం ఉంటాది. బెడ్ నంబర్లు, టైములు, అడ్డగీతలు. పన్నెండు గంటలు ఆ కాగితమే నడిపిస్తాది. దాన్ని నువ్వే ప్రింటు చేసిస్తే కనీసం బెడ్ నంబరూ, పేరూ, మందుల టైములూ తప్పు లేకుండా ఉంటాయి, మేం పెన్నుతో రాసుకుంటాం. ఇయ్యకుంటే ఇంజక్షన్ ట్రే మీద గ్లవ్స్ పెట్టె చించి రాస్తారు.

బయోమెడ్_అనంత
ప్రింటు అంటే బిల్లుల థర్మల్ ప్రింటర్ తెచ్చి పెట్టొద్దు. మన ఎండలకి ఆ కాగితం వెలిసిపోతాది. చేతికి శానిటైజర్ తడి ఉండి పట్టుకుంటే నల్లబడతాది. నలుపు-తెలుపు లేజర్, ఏ4.

టాబ్లెట్ల సంగతి: వార్డుకి రెండు చాలు, మందుల ట్రాలీకి బిగించాల. చేతిలో పట్టుకుని తిరిగేదైతే ఒక చెయ్యి పోతాది. తుడిచేదానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డ, బ్లీచింగ్ కాదు, తెర పూత లేచిపోతాది. వైఫై పాత రాతి గోడల్ని దాటదు, ఎక్స్-రే గది సీసపు గోడని అసలే దాటదు. వార్డు చివరి బెడ్ దగ్గర నిలబడి సిగ్నల్ చూసి, ఆ తర్వాత కోడ్ రాయి.

తుంగభద్ర_కోడర్
నెట్ పోయినా టాబ్లెట్‌లోనే రాసుకుని, వచ్చాక సర్వర్‌కి పంపేట్టు చేశాం. ఒకే వరసని ఇద్దరు మారిస్తే ఆఖరున వచ్చినది నిలుస్తుంది.

డ్యూటీ_డాక్టర్_అనంత
మందుల దగ్గర అది ప్రాణాంతకం. ఇద్దరు సిస్టర్లు, రెండు టాబ్లెట్లు, నెట్ లేదు. ఇద్దరూ 8 గంటల ఇన్సులిన్ ఇచ్చి ఇద్దరూ రాశారు. ‘ఆఖరున వచ్చినది నిలుస్తుంది’ అంటే రికార్డులో ఒకే డోసు, పేషెంటు ఒంట్లో రెండు. ఇచ్చిన డోసు ఎప్పుడూ చేరుతూ పోవాలి, ఒకటి మీద ఒకటి పడకూడదు. రెండు కనపడితే ఎర్రగా అరవాలి.

తుంగభద్ర_కోడర్
సరే, మారుస్తాం. డోసులు, వైటల్స్, పనుల ముగింపు మూడూ చేర్చడమే, తిరగరాయడం ఉండదు.

బయోమెడ్_అనంత
గడియారాలు కూడా చూడు. టాబ్లెట్ టైము తప్పితే డోసు ముందూ వెనకా అవుతాది. అన్ని టాబ్లెట్లకీ ఆసుపత్రి సర్వరే టైము ఇయ్యాల. పని జరిగిన టైము ఒకటి, రాసిన టైము ఒకటి, సర్వర్‌కి చేరిన టైము ఒకటి. మూడూ వేర్వేరుగా దాచు. కరెంటు పోతే ఏం చేస్తావు?

తుంగభద్ర_కోడర్
సర్వర్‌కీ స్టేషన్ కంప్యూటర్‌కీ యూపీఎస్ ఉంది. 7:15కి, 13:15కి, 19:15కి వార్డు మొత్తం షీటు పీడీఎఫ్‌గా స్టేషన్ కంప్యూటర్‌లోనే పడిపోయేట్టు పెడతాం. సర్వర్ కూలినా 45 నిమిషాల కిందటి కాగితం చేతిలో ఉంటుంది.

ఓపీ_చీటీ
లాగిన్ ఎట్లా? ఇప్పుడు హెడ్ సిస్టర్ పాస్‌వర్డు మానిటర్ మీద ప్లాస్టర్‌తో అతికించి ఉంటుంది.

తుంగభద్ర_కోడర్
ఉద్యోగి నంబరు, 4 అంకెల పిన్. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తాళం, కానీ సగం రాసినది పోదు. ఇంకొకరు పిన్ కొడితే వాళ్ల పేరు మీద తెరుచుకుంటుంది, మొదటివాళ్ల సగం రాత వాళ్లకే ఉంటుంది.

కడప_నైట్‌డ్యూటీ
సగం రాసినది పోకుండా ఉంటే మాత్రం పాస్‌వర్డు అతికించరు. అతికించేది సోమరితనంతో కాదు, నాలుగుసార్లు టైపు చేసింది నాలుగుసార్లు పోయినందుకు.

నర్సింగ్_ట్యూటర్
ప్రయోగం గురించి. ఒక్క వార్డులో, పుస్తకం తీసేయకుండా, రెండు వారాలు. ‘ఎన్ని గడులు నిండాయి’ అని కొలవకండి. మూడు కొలవండి: ఓవర్ తర్వాత వెళ్లిపోయిన సిస్టర్‌కి ఎన్ని ఫోన్లు వెళ్లాయి, టైము దాటిపోయిన పనులు ఎన్ని, వెళ్లాల్సిన సిస్టర్ ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. మూడోది పెరిగితే మిగతా రెండూ ఎంత తగ్గినా మీ తెర బతకదు. 8–2 షిఫ్టుల్లో ఇద్దరూ కలిసుండే సమయం అంటూ డ్యూటీ చార్టులో లేదు, వెళ్లేవాళ్ల సొంత సమయంలోనే ఓవర్ జరుగుతోంది.

క్వాలిటీ_మేడమ్
డ్యూటీ చార్టులో 15 నిమిషాలు కలిపే విషయం నేను యాజమాన్యంతో మాట్లాడతాను. సాఫ్ట్‌వేర్ ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఉగ్గాని_బజ్జి
ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

ఓపీ_చీటీ
పేషెంట్లవి కాకుండా మిగతావి? తాళాలు, నార్కోటిక్ లెక్క, గ్లూకోమీటర్, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) సీలు, ఆక్సిజన్ సిలిండర్లు?

కడప_నైట్‌డ్యూటీ
అది వేరే పేజీ. పేషెంట్ల ఓవర్‌లో కలపొద్దు. కలిపితే బీపీ మిషన్ బ్యాటరీ గురించి పది నిమిషాలు, మనిషి గురించి ఒక నిమిషం పోతాది. మార్ఫిన్, ఫెంటనిల్ లెక్కకి రెండు సంతకాలు, పుస్తకంలోనే ఉండనీ.

తుంగభద్ర_కోడర్
ఆఖరిగా ప్రింటు. ఏ4 అడ్డంగా, పేజీకి 10 మంది, 30 మందికి 3 పేజీలు. ఎడమ పక్క తెర తెచ్చినవి, మధ్యలో పనులూ టైములూ, కుడి పక్క పెన్నుతో రాసుకోవడానికి ఖాళీ. రెండు వైపులా ప్రింటు వేస్తే రెండు షీట్లే.

కడప_నైట్‌డ్యూటీ
10 మంది వద్దు, అక్షరాలు చీమల్లా పడతాయి, రాత్రి పూట వార్డు లైట్లు తగ్గించినాక కనపడవు. పేజీకి 6. రెండు వైపులా కూడా వద్దు, క్లిప్‌బోర్డు మీద పెట్టినాక వెనక పక్క ఎవరూ తిప్పరు. 5 షీట్లు, ఒక్కో క్యూబికల్‌కి ఒకటి. కుడి పక్క ఖాళీ నాలుగు వేళ్ల వెడల్పు.

క్వాలిటీ_మేడమ్
షీటు కింద ‘డ్యూటీ ముగిశాక స్టేషన్‌లో ఇవ్వాలి’ అని వేయండి, చింపేయడానికి ఒక పెట్టె పెట్టిస్తాను. పెన్నుతో రాసిన దాంట్లో రికార్డుకి ఎక్కాల్సినది ఉంటే అప్పటికి ఎక్కించి ఉండాలి.

తుంగభద్ర_కోడర్
6 మంది, 5 షీట్లు, ఒకే వైపు. నమూనా బుధవారానికి మేల్ మెడికల్ వార్డులో పెడుతున్నాం. పాముకాటు, పురుగుమందు మూసలు రెండూ అందులో ఉంటాయి, మెగ్‌సల్ఫ్ మూస ప్రసూతి వార్డు దాకా ఆగాలి.

కడప_నైట్‌డ్యూటీ
బుధవారం పొద్దున పెట్టొద్దు, మధ్యాహ్నం 2 గంటల ఓవర్‌కి పెట్టు. పొద్దున 8కి రౌండ్స్, సెన్సస్ (పేషెంట్ల లెక్క), ఇండెంట్ (మందులూ సామానూ అడిగే చీటీ) అన్నీ ఒకేసారి మీద పడతాయి.

తుంగభద్ర_కోడర్
సరే సిస్టర్, 2 గంటలకే.